గట్టిగా కట్టిన కుళాయి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురం. తాతయ్య, నానమ్మ, నాన్న, అమ్మ, ఇమ్తియాజ్ బాబాయి, నేను. ఆవునూ తొమ్మిది కోళ్ళనూ కూడా చెప్పుకోవాలి. గడ్డకట్టిన పైపు గురించి ఆ రోజు మా ఇంట్లో సలహా ఇవ్వనివి అవి మాత్రమే. పక్కింటి ఖాలిక్ చాచాను లెక్కలో వేయాలో వద్దో తెలియదు. ఆయన ఉదయం టీకి వచ్చి మధ్యాహ్నం టీ దాకా ఉన్నారు కాబట్టి వేసేస్తున్నాను. ఇక అమ్మ వాళ్ళ అక్క తస్లీమా పెద్దమ్మ శ్రీనగర్ నుంచి మధ్యాహ్నానికి రావాలి. వచ్చేది నన్ను తీసుకెళ్ళడానికి.

చలికాలం మాకు మూడు నెలలు బడి ఉండదు. మిగిలిన తొమ్మిది నెలల్లో మా ఫిజిక్స్ మాస్టారు ఎన్ని రోజులు కనిపించారో వేళ్ళ మీద చెప్పొచ్చు, కాలివేళ్ళు కూడా కలుపుకుంటే. మార్చి తర్వాత నాది పన్నెండో తరగతి. పెద్దమ్మ ఇంటి పక్క వీధిలోనే చలికాలం ట్యూషన్లు చెబుతారు. నన్ను పంపమని ఆమె శరదృతువు నుంచీ అడుగుతోంది. ముందుగా సరేనన్నది తాతయ్య. నానమ్మ వద్దంది. నాన్న బాగా ఆలోచించి ఒక నిర్ణయం తీసుకున్నారు, అంటే నానమ్మ మనసు మారేదాకా ఆగారు. చివరికి మొన్న శుక్రవారం నానమ్మ, "సరే, వెళ్ళి చావనీ" అంది. మా ఇంట్లో దాన్ని ఆశీర్వాదం అంటారు. అప్పటి నుంచి నా సంచి సర్దే ఉంది. పెద్దమ్మ వచ్చే సూమో మధ్యాహ్నం చేరి, రోడ్డు మీద మంచు అద్దంలా మారకముందే తిరిగి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకూ తెలియదు, ఆకాశానికీ తెలియదు.

చలి బాగా ముదిరే చిల్లై కలాన్ నలభై రోజులూ మా వైపు ప్రతి ఇంట్లో రాత్రిపూట కుళాయి కాస్త వదిలి పడుకుంటారు. కదిలే నీళ్ళు గడ్డకట్టవు. ఎంత వదలాలన్నది పెద్ద శాస్త్రం. ఎక్కువ వదిలితే వాకిలంతా మంచుపలక అవుతుంది, తక్కువ వదిలితే చుక్క చుక్కకూ మధ్య చలి దూరిపోతుంది. సూదిలోకి ఎక్కే దారమంత ధార పడాలని నానమ్మ కొలత. రెండేళ్ళుగా ఆ పని నాది. ముందు రోజు కూడా అన్నం గిన్నెలు తోమి, దారమంత వదిలి, కుళాయి మెడకు పాత ఉన్ని మేజోడు తొడిగి లోపలికి వచ్చాను.

తెల్లారి అమ్మ బిందెతో వెళ్ళింది. కుళాయి తిరగలేదు. మోకాళ్ళ దాకా ఉండే ఉన్ని అంగీ, ఫెరన్, దాని కొస చుట్టి రెండు చేతులతో తిప్పితే అది ఆవుదూడలా అరిచి తిరిగింది. నీళ్ళకు బదులు ఒక చల్లటి నిట్టూర్పు బయటికి వచ్చింది. అమ్మ ఖాళీ బిందెతో లోపలికి వచ్చి, కుళాయి కట్టేసి ఉంది, పైపు గడ్డకట్టింది అని చెప్పింది.

అందరూ నా వైపు చూశారు.

నలుగురు ఒకేసారి చూస్తే నా నాలుక పైపుకన్నా ముందే గడ్డకడుతుంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. మాట్లాడలేదు కాబట్టి తప్పు ఒప్పుకున్నట్టే అని కూడా అందరికీ తెలుసు.

నిజానికి వాళ్ళకు తెలిసిన సంగతి ఇంకొకటుంది. మా ఇంట్లో ముల్లంగి పచ్చడి జాడీ మూత, కిరోసిన్ డబ్బా బిరడా, కోళ్ళగూటి గడియ, వీటిలో వేటినైనా తాతయ్య మూశారంటే మళ్ళీ తాతయ్యే తీయాలి. కిందటేడు ఒక పచ్చడి జాడీ తెరవబోయి నాన్న దాని మెడ విరగ్గొట్టారు. తాతయ్య పళ్ళెంలో మెతుకు మిగల్చరు, దీపం ఊరికే వెలగనివ్వరు, నమాజుకు ముందు ఒక్క చెంబు నీళ్ళతో ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుని ఇంకా కాస్త మిగులుస్తారు. రాత్రి ఆఖరి నమాజుకు వజూ చేసుకోవడానికి ఆయన వాకిట్లోకి వెళ్ళారని, ఊరికే కారిపోతున్న నీళ్ళను చూసి ఆయన చెయ్యి తనంతట తనే కుళాయి మీదికి వెళ్ళి ఉంటుందని ఊహించడానికి శ్రీనగర్‌లో ట్యూషన్ అక్కర్లేదు.

కానీ తాతయ్య తప్పు చేయరు. ఆయన చేతి మీదుగా ఏదైనా జరిగితే అది అల్లా నిర్ణయం, లేదా నా నిర్లక్ష్యం.

"ఏం తినిపిస్తున్నావు వదినా దీనికి?" అన్నాడు ఇమ్తియాజ్ బాబాయి. "పహిల్వాన్ కూడా ఇంత గట్టిగా కట్టలేడు."

అమ్మ ఏదో అనబోయి నానమ్మ ముఖం చూసి, టీ కాచే సమోవార్‌లో బొగ్గులు వేయడానికి వెళ్ళిపోయింది. నానమ్మ ఫెరన్ లోపలి కాంగ్డీని, అంటే తన బొగ్గుల కుంపటిని, ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి మార్చుకుంది. ఆవిడ తీర్పు చెప్పే ముందు అలాగే చేస్తుంది.

"దారమంత నీళ్ళు వదలడం చేతకాని పిల్ల పరాయి ఇంట్లో ఏం వెలగబెడుతుంది?" అంది. "ఆ కుళాయి కట్టిన చెయ్యి ఎవరిదైనా సరే, ఈ గడప దాటదు. తస్లీమా వస్తే టీ తాగి వెళ్ళమనండి."

నాన్న వెంటనే అదే తన నిర్ణయం కూడా అన్నారు.

నోరు విప్పి తాతయ్య అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఈ ఇంట్లో నన్ను పంపమన్న ఓటు ఒక్కటే, అది ఆయనది. ఉన్న ఒక్క ఓటు మీద ఫిర్యాదు ఎలా చేయను? పైగా ఆయన ఆ వేళ ఇంట్లో లేరు కూడా. తెల్లవారి నమాజుకు వెళ్ళి, ఊళ్ళో ముసలివాళ్ళందరితో పాటు మసీదు హమామ్‌లో వెచ్చటి రాతినేల మీద వీపు ఆనించుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి ఎవరూ లేవరు. దేశ రాజకీయాలన్నీ తేల్చాలి కదా.

ఇంట్లో మిగిలిన నీళ్ళు ఒక రాగి బిందె. ఇక పైపు కరిగించే పని మొదలైంది. దానికి ముందు టీ కావాలి కాబట్టి బిందెలో మూడోవంతు సమోవార్‌లోకి వెళ్ళింది.

మా పైపు ఆవుకొట్టం మూలన నేలలోంచి పైకి వచ్చి, గోడ వెంట మోకాలెత్తున నాలుగు బారలు నడిచి, బట్టలుతికే బండ దగ్గర కుళాయితో ఆగుతుంది. దానికి పొడవునా వరిగడ్డి, గోనెపట్టా చుట్టి ఉంటుంది. గడ్డ ఎక్కడ ఉందన్నదే ప్రశ్న. ఖాలిక్ చాచా ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు వచ్చారు. ఆయన నీళ్ళ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు మా మొహల్లాకు నీళ్ళు రాలేదని నానమ్మ అంటుంది. ఆయన మాత్రం రిటైరయ్యాకే శాఖ పాడైందంటారు. చాచా ఒక పెద్ద పానా తెచ్చి పైపును అడుగడుగునా కొడుతూ, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నారు. డాక్టరు కూడా అంత శ్రద్ధగా వినడు. గడ్డ సరిగ్గా మధ్యలో ఉందన్నారు. మధ్యలో గోనె విప్పించారు. అక్కడ లేదని తేలాక, ఇందాక ఉండేదన్నారు.

బాబాయికి ఈ నాటు వైద్యం నచ్చలేదు. ఆయనకు బజారులో మొబైల్ దుకాణం ఉంది, అందువల్ల ప్రపంచమంతా ఎలా బతుకుతోందో తెలుసు. కెనడాలో జుట్టు ఆరబెట్టే మిషన్‌తో పైపులు కరిగిస్తారని ఫోన్లో చూపించాడు. తన నిశ్చితార్థానికి కొనుక్కున్న మిషన్ పెట్టెలోంచి తీసి, పొడుగు వైరు వేసి, కుళాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. కరెంటు సాయంత్రం దాకా రాదని అమ్మ గుర్తు చేసింది. కెనడాలో అలాంటివి ఉండవన్నాడు. దానికి మేమెవరమూ బాధ్యులం కాదు, అయినా ఒకసారి నా వైపు చూశాడు.

అప్పుడు రెండో టీ అయింది. బిందె సగానికి దిగింది. నీళ్ళు ఎలా తెప్పించాలో మాట్లాడుకోవడానికే నీళ్ళన్నీ అయిపోతున్నాయని నేను అనుకున్నాను. పైకి అనలేదు.

తర్వాత నాన్న మరిగిన నీళ్ళు తెచ్చి మధ్యలో, చాచా చూపించిన చోటే పోశారు. పొగలు లేచాయి, అందరూ తృప్తిగా చూశారు. రెండు నిమిషాల్లో ఆ నీళ్ళు గోనె మీద గాజు గొట్టంలా బిగుసుకున్నాయి. ఇంతకు ముందు మంచు పైపు లోపల మాత్రమే ఉండేది. ఇప్పుడు బయట కూడా ఏర్పాటైంది. బాబాయి దాన్ని కరిగించడానికి కింద వరిగడ్డి పోసి నిప్పంటించాడు. గడ్డి మండింది, గోనె మండింది, గోడ నల్లబడింది, ఆవు ఒక్కసారి అంబా అంది. చాచా కాలితో తొక్కి ఆర్పారు, ఆయన బూటు అడుగు కరిగింది. ఆ ఉదయం మా వాకిట్లో మొదట కరిగినది అదే.

మూడో టీకి అందరూ లోపలికి వెళ్ళారు. ఈసారి చర్చ పైపు మీద కాదు, నా మీద. తలుపు సందులోంచి వినపడుతూనే ఉంది. చదువుకున్న ఆడపిల్లల మతిమరుపు గురించి బాబాయి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన పోయిన వారం దుకాణం తాళాలు దుకాణంలోనే పెట్టి తాళం వేశాడు. చాచా తన మనవరాలిని ఎక్కడికీ పంపలేదని, అందుకే వాళ్ళ కుళాయి నడుస్తోందని అన్నారు. గడియారం పదకొండున్నర దాటింది.

కిందటి చలికాలం మసీదు పైపు బాగుచేయడానికి వచ్చిన మిస్త్రీ ఒక మాట అన్నాడు. మూసిన నోట్లో ముద్ద పెట్టరు కదా, ముందు నోరు తెరవాలి, నోటి దగ్గర నుంచే వెనక్కి పోవాలి, మధ్యలో వేడి పెడితే కరిగిన నీళ్ళకు దారి లేక పైపు చీలుతుంది అని. అతను ఈ మాట పదిమంది మగవాళ్ళ ఎదురుగా చెప్పాడు. ఆ పదిమందిలో నాన్నా, చాచా కూడా ఉన్నారు. నేను ఆ రోజు అతనికి టీ ఇవ్వడానికి వెళ్ళాను, అంతే.

నా కాంగ్డీలో బొగ్గులు కొత్తవి నింపుకుని వాకిట్లోకి వెళ్ళాను. కుళాయి పూర్తిగా తిప్పి వదిలాను. మేజోడు తీసి, పాత ఫెరన్ గుడ్డను గోరువెచ్చటి నీళ్ళలో తడిపి పిండి కుళాయి మెడకు చుట్టి, కాంగ్డీని దాని గడ్డం కింద పెట్టి పట్టుకున్నాను. గుడ్డ చల్లారగానే మళ్ళీ తడిపాను. అవి బిందె అడుగున మిగిలినవాటిని కాచిన నీళ్ళే. ఒక జానెడు కాగానే ఇంకో జానెడు వెనక్కి. వేళ్ళు మొదట నొప్పి పెట్టాయి, తర్వాత నావి కానట్టు అయ్యాయి. కోళ్ళు చుట్టూ చేరి చూశాయి. అవి ఏమీ చెప్పకపోవడం నాకు ఎంతో సాయమైంది.

ఎక్కడో దూరంగా సూమో హారన్ వినిపించింది. మా ఊరి మలుపు కాదు, కింది ఊరిది. ఇంకో పావుగంట ఉంది. గుడ్డ రెండో బారకు చేరింది. కుళాయి ఒకసారి దగ్గింది. తర్వాత ఒక గోధుమరంగు చుక్క పడింది. దాని వెనక పుల్లలా ఒక మంచుముక్క జారి బండ మీద పడి విరిగింది. ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. అరుపులూ వచ్చాయి, కానీ అవి లోపలి నుంచి.

అందరూ బయటికి వచ్చి కుళాయిని చూశారు. గడ్డి వేడి పైపులో మెల్లగా పాకుతుందని, తను ముందే చెప్పానని బాబాయి అన్నాడు. దెబ్బలకు గడ్డ లోపల నలిగి పొడైపోయిందని చాచా అన్నారు. నాన్న తన మరిగిన నీళ్ళకు కూడా కొంత వాటా అడిగారు. నేను కాంగ్డీని ఫెరన్ లోపలికి తీసుకుని గోడకు ఆనుకున్నాను. అమ్మ మాత్రం వచ్చి నా వేళ్ళు తన చంకల్లో పెట్టుకుంది.

"వస్తే వచ్చాయి," అంది నానమ్మ. "నేనన్న మాట నీళ్ళతో పోదు."

అప్పుడే రెండు వైపుల నుంచి ఇద్దరు వచ్చారు. గేటు దగ్గర సూమో ఆగి తస్లీమా పెద్దమ్మ దిగింది. మసీదు దారిలోంచి తాతయ్య వచ్చారు. మసీదులో వేడినీళ్ళు ముందున్నవాళ్ళకే అయిపోయాయట, ఇంట్లోనే వజూ చేసుకుని మధ్యాహ్నం నమాజుకు మళ్ళీ వెళ్తారట. ఆయన ఎవరినీ పట్టించుకోలేదు. ఫెరన్ చేతులు మోచేతుల దాకా పైకి లాక్కుని కుళాయి ముందు కూర్చున్నారు.

మేమందరం నిలబడి చూశాం. చూడడానికి అక్కడ ఏమీ లేదు, ఒక ముసలాయన ముఖం కడుక్కుంటున్నారు. కానీ ఎవరూ కదల్లేదు. చేతులు మూడుసార్లు, నోరు మూడుసార్లు, ముఖం, మోచేతులు, తడి చేత్తో తల, చివరికి కాళ్ళు. అంతా దోసిళ్ళతో లెక్కపెట్టినట్టు. తర్వాత ఆయన లేచి, కుళాయి కట్టారు. ధార ఆగింది. అయినా ఇంకో చుట్టు తిప్పారు. అదీ చాలక పళ్ళు బిగించి ఇంకొక్క అరచుట్టు. కుళాయి ఆవుదూడలా అరిచింది.

ఖాలిక్ చాచా తన బూటు చూసుకున్నారు. బాబాయి ఫోను చూసుకున్నాడు. నాన్న నానమ్మను చూశారు, ఏం నిర్ణయించాలో తెలియక.

ఫెరన్ అంచుతో ముఖం తుడుచుకుంటూ తాతయ్య అందరినీ చూశారు. "ఏమిటలా చూస్తారు? రాత్రి కూడా ఇలాగే వదిలేసి పడుకున్నారు. నది ఒడ్డున కూర్చున్నా నీళ్ళు వృథా చేయకూడదు."

పెద్దమ్మ అప్పటికి అమ్మ దగ్గరికి వచ్చి, గుసగుసలో ఉదయం జరిగిందంతా నాలుగు ముక్కల్లో విన్నది. ఆమె గొంతు మా ఇంటి ఆడవాళ్ళ గొంతు కాదు, నగరంలో బస్సులు ఆపించిన గొంతు.

"అత్తయ్యగారూ, మీరన్నదే సబబు," అంది. "ఆ కుళాయి కట్టిన చెయ్యి గడప దాటడానికి వీల్లేదు. మామయ్యగారిని ఇంట్లోనే ఉంచుకోండి. పిల్లని నేను తీసుకెళ్తాను."

నానమ్మ కాంగ్డీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. మళ్ళీ మొదటి చేతిలోకి వచ్చింది. ఆమెకు పెళ్ళయిన యాభై ఏడేళ్ళలో తీర్పుకు ఇంతసేపు పట్టిందని నేనెప్పుడూ వినలేదు. చివరికి, "దీని సంచి ఎక్కడ? వాకిట్లో నిలబడి వేళ్ళు రాలగొట్టుకుంటోంది, సంచి తెచ్చుకునే తెలివి లేదు," అంది. నాన్న వెంటనే, సంచి తెచ్చుకోమని తన నిర్ణయం చెప్పారు.

ఎవరైనా ఏదో ఒకటి చెబుతారని తాతయ్య కాసేపు చూశారు. చెప్పకుండానే అర్థమైనట్టుంది. నల్లబడిన గోడను, గోనె బూడిదను, నా వేళ్ళను వరసగా చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చలికి కూడా అలా అవుతాయి, నిజమే. మళ్ళీ కుళాయి దగ్గర కూర్చుని, తను కట్టినదాన్ని తనే రెండు చేతులతో విప్పి, మెల్లగా ధార సన్నం చేశారు.

"ఇంతా?" అని నన్ను అడిగారు.

"ఇంకొంచెం తక్కువ తాతయ్యా," అన్నాను. ఆ రోజు నేను పైకి అన్న మొదటి మాట అది.

సూదిలోకి ఎక్కే దారమంత పడింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. కళ్ళెదుట నీళ్ళు పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు ఎంత కష్టమో ఆ వాకిట్లో అందరికీ తెలుసు.

నేను సంచి తెచ్చుకున్నాను. అమ్మ ఎండు వంకాయ దండలు రెండు పెద్దమ్మ చేతిలో పెట్టింది. నానమ్మ నా నుదుటి మీద ముద్దుపెట్టి, నీ కష్టాలన్నీ నాకే రానీ అని, అక్కడైనా కుళాయి సరిగ్గా చూసుకో అని ఒకేసారి అంది. సూమోలో పది మంది ఎక్కే చోట పన్నెండు మంది ఉన్నారు. నేను వెనక సీటులో ఒక మోకాలు, సగం సంచితో ఇరుక్కున్నాను. ఆ తలుపు పడదు. డ్రైవరు ముందు నుంచి అరుస్తూనే ఉన్నాడు, గట్టిగా వేయండి, లేకపోతే దారిలో తెరుచుకుంటుందని. బాబాయి వేశాడు, పడలేదు. నాన్న వేశారు, నానమ్మను అడక్కుండానే, అయినా పడలేదు.

అప్పుడు ఇంట్లోనే ఉండాల్సిన ఆ చెయ్యి గడప దాటి రోడ్డు మీదికి వచ్చింది. తాతయ్య నా ఫెరన్ కొస తలుపు సందులోంచి లోపలికి దోపి, "మోచెయ్యి జాగ్రత్త," అని, తలుపు వేశారు. అది పడింది. అయినా ఆయన భుజం ఆనించి ఇంకొక్కసారి నొక్కారు.

శ్రీనగర్‌లో దాన్ని తీయడానికి ముగ్గురు కావాలి.